అతుకుల ఆట: ట్రయాథ్లాన్ తొలినాళ్ల సామాను, పొరపాట్లు (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మీలో కొందరు గోవా ట్రయాథ్లాన్‌కు, అంటే ఈత, సైకిలు, పరుగు ఒకదాని వెంట ఒకటి చేసే పోటీకి తయారవుతున్నారని విన్నాను. 1.9 కిలోమీటర్ల ఈత, 90 సైకిలు, 21.1 పరుగు. మీ దగ్గర మూడింటికీ ఒకటే బట్టగా పనికొచ్చే ట్రైసూటు ఉంది, మోచేతులు ఆనించి వంగి తొక్కే ఏరోబార్లు ఉన్నాయి, కాలికి కట్టుకునే టైము చిప్పు వాళ్లే ఇస్తారు. ఇవేవీ లేనప్పుడు ఈ ఆట ఎలా ఆడారో ఇవాళ చెప్పుకుందాం. నా మాట ఒక్కటే: ఈ ఆటకు మొదట్లో సొంత సామాను అంటూ ఒక్కటీ లేదు. ఈతగాళ్ల దగ్గర కొంత, సైకిలు పందేల వాళ్ల దగ్గర కొంత, పరుగు వాళ్ల దగ్గర కొంత తెచ్చుకుని అతికించారు. తేడా కొట్టిందల్లా ఆ అతుకుల దగ్గరే. ఇప్పుడు మీరు డబ్బు పోసి కొంటున్న సామాన్లో చాలా భాగం ఏదో ఒక అతుకు ఊడినప్పుడు వేసిన మాసికే.

1974 సెప్టెంబరు 25, బుధవారం. కాలిఫోర్నియాలో శాన్ డియేగో, మిషన్ బే. సాయంత్రం 5:45కి మొదలు. ఏర్పాటు చేసింది శాన్ డియేగో ట్రాక్ క్లబ్బుకు చెందిన జాక్ జాన్‌స్టన్, డాన్ షానహన్. ఎంట్రీ ఫీజు ఒక డాలరు. పరుగు 6 మైళ్లు, సైకిలు 5 మైళ్లు, ఈత 500 గజాలు. మన లెక్కలో పరుగు 10 కిలోమీటర్లకు కాస్త తక్కువ, సైకిలు 8, ఈత అర కిలోమీటరు కూడా లేదు. వరస చూడండి: పరుగు ముందు, ఈత చివర. ఆ ఈత కూడా ఒక్క బిగిన కాదు. నీళ్లలో దిగడం, ఒడ్డెక్కి పరిగెత్తడం, మళ్లీ దిగడం. కరపత్రంలో రెండు షరతులున్నాయి. ఒకటి, సైకిలు ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. రెండోది, సుమారు 2 మైళ్ల పరుగు ఒట్టి కాళ్లతో, గడ్డి మీదా ఇసుక మీదా. ఒట్టి కాళ్లు ఎందుకంటే, నీళ్లలోంచి లేచిన ప్రతిసారీ తడి కాళ్లకు బూట్లు తొడిగి లేసులు కట్టుకునే పని తప్పించడానికి. ఒక ఆట ముగించి ఇంకో ఆటకు మారడాన్ని ఇప్పుడు మనం ట్రాన్సిషన్ అంటున్నామే, ఆ తలనొప్పిని అలా దాటేశారన్నమాట.

46 మంది వచ్చారు. బిల్ ఫిలిప్స్ 55 నిమిషాల 44 సెకన్లలో గెలిచాడు. నిర్వాహకులు తప్పులో కాలేసింది వెలుతురు విషయంలో. సెప్టెంబరు చివర్లో ఆఫీసులు వదిలాక మొదలుపెట్టి, ఈతను చివర పెడితే ఏమవుతుంది? వెనకబడ్డ వాళ్లు నీళ్లలో ఉండగానే చీకటి పడింది. కార్లు ఒడ్డుకు తెచ్చి, హెడ్‌లైట్లు నీళ్ల మీదికి వేసి వాళ్లను బయటికి రప్పించారు. తరవాత ఈత ముందుకు జరగడంలో ఈ భయం పాత్ర కూడా ఉండొచ్చు. అలసిపోయినవాడు సైకిలు మీద ఉంటే ఆగి దిగుతాడు, పరుగులో ఉంటే కూర్చుంటాడు. నీళ్లలో ఆ రెండూ కుదరవు. అందుకే ఒంట్లో సత్తువ ఉండగానే, తెల్లవారుజామున ఈత కానిచ్చేయాలి.

ఇంకో ముచ్చట. కప్పుల మీద అక్షరాలు చెక్కే దుకాణం వాళ్లకు ఈ పోటీ పేరు ఎలా రాయాలో తెలియలేదు. నిఘంటువులో దొరకలేదు. పెంటథ్లాన్, డెకథ్లాన్ ఉన్నాయి కదా అని ఆ వరసలోనే జాన్‌స్టన్ స్పెల్లింగు చెప్పాడు. 1920లలో ఫ్రాన్సులో ‘మూడు ఆటలు’ పేరుతో ఇలాంటి పోటీలు జరిగాయి గానీ, శాన్ డియేగో వాళ్లు వాటిని చూసి మొదలుపెట్టలేదు. ఇది వాళ్ల సొంత వంట.

ఆ 46 మందిలో జాన్ కాలిన్స్ అనే నౌకాదళ అధికారి, ఆయన భార్య జూడీ ఉన్నారు. తరవాత వాళ్లు హవాయి వెళ్లారు. ఈతగాడు గట్టివాడా, పరుగువాడా, సైకిలువాడా అన్న వాదన తేల్చడానికి, అప్పటికే ఒవాహు దీవిలో ఉన్న మూడు పోటీలను ఒకదాని పక్కన ఒకటి పేర్చారు. వైకీకీ సముద్రపు ఈత 2.4 మైళ్లు. దీవి చుట్టూ సైకిలు పందెం 115 మైళ్లు, మామూలుగా అది రెండు రోజుల వ్యవహారం. హొనలులు మారథాన్ 26.2 మైళ్లు. ఇక్కడ చిన్న చిక్కొచ్చింది. సైకిలు ముగిసే చోటా పరుగు మొదలయ్యే చోటా ఒకటి కావాలి కదా. మారథాన్ అలోహా టవర్ దగ్గర మొదలవుతుంది. అక్కడికి కలపడానికి సైకిల్లో 3 మైళ్లు కోసేశారు. 115 కాస్తా 112 అయింది. ఇవాళ ప్రపంచమంతా 180.2 కిలోమీటర్లని వేదవాక్కులా కొలుస్తున్న దూరం ఆ కత్తిరింపు వల్ల వచ్చిందే. శరీరధర్మ శాస్త్రమేమీ లేదు అందులో.

1.5, 40, 10 కిలోమీటర్ల ఒలింపిక్ దూరానిదీ ఇదే కథ. 1982లో మొదలైన అమెరికా ట్రయాథ్లాన్ సిరీస్ తొలుత 2 కిలోమీటర్ల ఈత, 35 సైకిలు, 15 పరుగుతో నడిచింది. తరవాత కొలను ఈతలో పొడవైన పందెం 1,500 మీటర్లు, గడియారంతో ఒంటరిగా తొక్కే సైకిలు టైమ్ ట్రయల్ 40, ట్రాక్ మీద పరుగు 10 దగ్గరికి సర్దుకుంది. మూడూ ఆయా ఆటల వాళ్లకు అలవాటైన దూరాలే. 2000లో సిడ్నీలో ఈ ఆట ఒలింపిక్స్‌కు వెళ్లింది ఆ దూరంతోనే.

సరే, ఒవాహుకు వద్దాం. ఐరన్‌మ్యాన్ అని పేరు పడ్డ ఆ పోటీ మొదటిసారి జరిగింది 1978 ఫిబ్రవరి 18న. బయల్దేరింది 15 మంది, ముగించింది 12 మంది. దారిలో నీళ్ల టేబుళ్లు లేవు. ఎవరి సహాయక బృందాన్ని వాళ్లే తెచ్చుకోవాలి. కారో వ్యానో వెంట వస్తుంది, అందులో నీళ్లు, తిండి, బట్టలు, విడి టైర్లు. రోడ్డు మామూలు ట్రాఫిక్‌తోనే ఉంటుంది కాబట్టి ఎర్ర దీపం పడితే ఆగాల్సిందే. ఈ పద్ధతిలో లోపమేమిటో ఆ మొదటి ఏడే బయటపడింది. జాన్ డన్‌బార్ సైకిలు దిగేటప్పటికి ముందున్నాడు. పరుగులో ఉండగా ఆయన వ్యానులో నీళ్లు అయిపోయాయి. బృందం చేతిలో ఉన్న బీరు ఇచ్చింది. గోర్డన్ హాలర్ దాటేసి 11 గంటల 46 నిమిషాలకు గెలిచాడు. డన్‌బార్ 34 నిమిషాలు వెనక. ఓడింది బీరు వల్లే అని నవ్వుతూ చెబుతారు గానీ అసలు సంగతి వేరే. ఒక మనిషికి ఎండలో గంటకు ముప్పావు లీటరు చొప్పున లెక్కేసినా 12 గంటలకు 9 లీటర్లు. ఒంటి మీద పోసుకోవడానికీ, బృందం తాగడానికీ కలిపితే 20 లీటర్ల క్యాను ఇట్టే ఖాళీ అవుతుంది. ఆ లెక్క ముందుగా వేసుకున్న వాళ్లు తక్కువ.

1979లోనూ బయల్దేరింది 15 మందే. టామ్ వారెన్ 11 గంటల 15 నిమిషాలకు గెలిచాడు. 12 గంటల 55 నిమిషాలతో సైక్లిస్టు లిన్ లెమేర్ ఈ పోటీ ముగించిన తొలి మహిళ. ఆ ఏడాది ఒక పెద్ద క్రీడా పత్రికలో పది పేజీల వ్యాసం వచ్చింది, మరుసటి ఏటికి 108 మంది అయ్యారు, టీవీ కెమెరాలు వచ్చాయి. కార్లు, వ్యాన్లు, సిగ్నళ్ల మధ్య అంతమందిని ఒవాహు మోయలేదు. పోటీ బాధ్యత తీసుకున్న వాలరీ సిల్క్ 1981లో దాన్ని పెద్ద దీవికి, కోనాకి మార్చారు. అక్కడ సిగ్నళ్ల బెడద లేదు. బదులుగా నల్లటి లావా మైదానం, దాని మధ్య తారు రోడ్డు, సైకిలు దారిలో హావీ ఊరి వైపు పక్కనుంచి తోసేసే గాలి. నీళ్ల టేబుళ్లు నిర్వాహకులే పెట్టడం, వైద్యుల పర్యవేక్షణ క్రమంగా స్థిరపడ్డాయి. గడువు మాత్రం ఇంకా లేదు. 1981లో 73 ఏళ్ల వాల్ట్ స్టాక్ 26 గంటల 20 నిమిషాలకు ముగించాడు. 1983కల్లా 17 గంటల గడువు కుదిరింది కాబట్టి ఆ రికార్డును కొట్టేవాడు ఇక పుట్టడు.

ఇప్పుడు సైకిలు దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే అతుకులు ఎక్కువ కనిపించేది ఇక్కడే.

అప్పటి మంచి సైకిలంటే ఉక్కు ఫ్రేము, ముందు 52, 42 పళ్ల చక్రాలు, వెనక ఐదో ఆరో పళ్ల చక్రాలున్న ఫ్రీవీలు, మామూలుగా 13 నుంచి 23 పళ్లు. లెక్క చూడండి. 52ని 13తో భాగిస్తే 4. చక్రం చుట్టుకొలత 2.1 మీటర్లు. అంటే పెడలు ఒక చుట్టుకు 8.4 మీటర్లు. నిమిషానికి 90 చుట్లు తొక్కితే గంటకు 45 కిలోమీటర్లు. దిగుడుకు చాలు. ఎక్కుడులో 42కి 23 వేస్తే చుట్టుకు 3.8 మీటర్లు. మోకాళ్లకు ఇది బరువు. ఇవాళ మీకున్న 34కి 30 వంటి సౌఖ్యం లేదు. గేరు మార్చే పుల్ల హ్యాండిలు మీద కాదు, ఫ్రేము కింది గొట్టం మీద ఉండేది. ఒక చెయ్యి కిందికి దించి, పుల్లను కొంచెం కొంచెం జరుపుతూ, చైను సరిగ్గా కూర్చుందా లేదా అని చెవితో వినాలి. టక్కున పడే మెట్ల గేర్లు 1984 తరవాతి మాట.

టైర్లు ట్యూబులర్లు. అంటే ట్యూబు లోపలే ఉంచి టైరును గొట్టంలా కుట్టేస్తారు, దాన్ని రిమ్ముకు జిగురుతో అంటిస్తారు. మన సైకిలు షాపులో పంక్చరుకు రాసే సొల్యూషన్ కాదు, అంతకన్నా మందమైన రిమ్ము సిమెంటు. అంటించడం ఒక తంతు. ముందు జిగురు లేకుండా టైరును రిమ్ముకెక్కించి గాలి కొట్టి ఒక రోజు వదిలేయాలి, సాగడానికి. తీసి, రిమ్ముకు ఒక పలచటి పూత, టైరు అడుగు గుడ్డకు ఒక పూత. రాత్రంతా ఆరాలి. మళ్లీ ఒక పూత, మళ్లీ ఆరాలి. చివరి పూత రిమ్ముకు మాత్రమే. అది వేలికి అంటీ అంటనట్టు ఉన్నప్పుడు వాల్వు దగ్గర మొదలుపెట్టి, రెండు చేతులతో రెండు వైపులా కిందికి లాగుతూ ఎక్కించాలి. ఆఖరి జానెడు దగ్గర బొటనవేళ్లు నొప్పెడతాయి. టైరు నడిమికి వచ్చిందో లేదో తిప్పి చూసి, చదరపు అంగుళానికి 115 పౌండ్ల దాకా గాలి కొట్టి, ఒక రోజంతా కదపకుండా ఉంచాలి.

తొందరపడి రేపు పందెం అనగా ఇవాళ అంటించినవాడి టైరు మలుపులో రిమ్మును వదిలేస్తుంది. పక్కకు తోసే బలాన్ని ఆపేది ఆ జిగురు పొర ఒక్కటే కదా. ఇంకోటి: పెద్ద దిగుడులో బ్రేకు నొక్కుతూ పోతే రిమ్ము వేడెక్కి జిగురు మెత్తబడుతుంది. టైరు రిమ్ము మీద ఆనవాలు లేకుండా మెల్లగా జరుగుతుంది. గుర్తుపట్టేది ఎలాగంటే, వాల్వు నిటారుగా కాకుండా వాలిపోయి కనిపిస్తుంది. అలా కనిపించిన చక్రాన్ని నమ్మకూడదు. దారిలో పంక్చరైతే దాన్ని ఊడబెరికి, సీటు కింద మడిచి కట్టుకున్న విడి టైరును ఎక్కించాలి. ఆ విడి టైరుకు ముందే జిగురు రాసి ఆరబెట్టి ఉండాలి. కొత్త టైరును నేరుగా మడిచి కట్టుకుపోతే రెండిట్లోనూ పట్టు ఉండదు. సరిగ్గా చేసినా, మారాక మలుపుల్లో నెమ్మదిగా పోవాల్సిందే. ఇంత చాకిరీ ఎందుకంటే అప్పట్లో తేలికైన, సాఫీగా దొర్లే టైరు ఇదొక్కటే. ట్యూబు విడిగా ఉండే మీ క్లించర్ టైర్లను తిట్టుకోకండి.

పెడళ్లకు ఇనప పంజరం, తోలు పట్టీ. సైకిలు బూటు అడుగున గాడి ఉన్న క్లీటు పెడలు అంచును పట్టుకుంటుంది, పైన పట్టీ బిగిస్తారు. ఆగేముందు వంగి పట్టీ వదులు చేయడం మరిచిపోతే నిలబడ్డ చోటే పక్కకు పడిపోతారు. అందుకని చాలామంది పరుగు బూట్లతోనే తొక్కారు. ట్రాన్సిషన్‌లో ఒక నిమిషం మిగిలేది, కానీ మెత్తటి అడుగు పెడలు మీద నలిగి 180 కిలోమీటర్లలో పాదం మొద్దుబారేది. మడమ తిప్పితే ఊడొచ్చే లుక్ పెడళ్లు 1984లో వచ్చాకే ఈ గొడవ తీరింది.

అన్నిటికన్నా అధ్వానం బట్టలు. సైకిలు నిక్కరు లోపలి మెత్త అసలైన తోలు, షామ్వా అనేవాళ్లు. పొడిగా ఉన్నంత సేపు బాగానే ఉంటుంది. ఉప్పునీళ్లలో తడిస్తే ఉబ్బి ముడతలు పడుతుంది, ఎండితే అట్టలా బిగుసుకుంటుంది. ముడతల్లో మిగిలిన ఉప్పు గరుకు కాగితంలా తొడలను ఒరుస్తుంది. కాబట్టి ఈత చెడ్డీతో ఈది, గుడారంలోకి పోయి, మంచినీళ్లతో ఉప్పు కడుక్కుని, తుడుచుకుని, నిక్కరు, చొక్కా, మేజోళ్లు వేసుకుని బయల్దేరేవాళ్లు. పది నిమిషాలు ఇట్టే పోయేవి. తరవాతి తరం అగ్రశ్రేణి ఆటగాళ్లు ఈత చెడ్డీతోనే సైకిలెక్కి దాంతోనే పరిగెత్తడం మొదలుపెట్టారు. టైము కలిసొచ్చింది, తొడల చర్మం పోయింది. సన్నటి, త్వరగా ఆరే కృత్రిమ మెత్త కుట్టిన సూటు ఆ రెండిటి మధ్య రాజీ.

చన్నీళ్లలో ఈతకు మొదట వాడింది సర్ఫింగు వాళ్ల రబ్బరు సూట్లు. వాళ్లకు చెయ్యి నిరంతరం తిప్పే పని లేదు, అందువల్ల భుజం దగ్గర మందంగా ఉంటాయి. వాటితో ఈదితే వెయ్యి మీటర్లకే భుజాలు పట్టేస్తాయి, మెడ దగ్గర నీళ్లు జొరబడి బరువెక్కుతుంది. 1987లో డాన్ ఎంప్‌ఫీల్డ్ క్వింటానా రూ పేరుతో ట్రయాథ్లాన్‌కే సూటు చేశాడు. చేతుల దగ్గర పలచన, ఛాతీ తొడల దగ్గర మందం, పైన నున్నటి రబ్బరు. చలి ఆపడం అటుంచి, కాళ్లు తేలడం వల్ల ఈత బలహీనులకు ఎక్కువ లాభం. పాత ఈతగాళ్లు ఇది అన్యాయమని గొణిగారు. వాళ్ల మాటలో నిజం లేకపోలేదు.

అదే ఏడాది స్కాట్ కంపెనీ ఏరోబార్లు వచ్చాయి, బూన్ లెన్నన్ రూపకల్పన. చదును రోడ్డు మీద వేగంగా పోతున్నప్పుడు శక్తిలో అధిక భాగం గాలిని చీల్చడానికే పోతుంది, అందులోనూ ఎక్కువ వాటా సైకిలుది కాదు, ఒంటిది. మోచేతులు దగ్గరచేసి వంగితే ఛాతీ గాలికి అడ్డం తగ్గుతుంది. 1989 టూర్ డి ఫ్రాన్స్ చివరి రోజున గ్రెగ్ లెమండ్ ఇలాంటి బార్లతో మొత్తం మీద 8 సెకన్ల తేడాతో గెలిచాక సైకిలు ప్రపంచం కళ్లు తెరిచింది. ట్రయాథ్లాన్ వాళ్లు అప్పటికి రెండేళ్లుగా వాడుతున్నారు. అరువు తెచ్చుకున్న ఆట ఒకటి తిరిగి ఇచ్చింది ఇక్కడ.

కానీ ఆ బార్లను పాత ఫ్రేముకు బిగిస్తే కొత్త ఇబ్బంది. సీటు గొట్టం కోణం 73 డిగ్రీలు. ఆ కోణంలో కూర్చుని ముందుకు వాలితే మోకాలు వచ్చి పొట్టకు తగులుతుంది, తుంటి ముడుచుకుపోతుంది, దిగి పరిగెత్తబోతే నడుం నిలవదు. దాంతో సీటును ముందుకు జరిపి కోణాన్ని 78 దాకా, అంతకన్నా పైకీ లేపారు. తుంటి తెరుచుకుంది. బరువు ముందు చక్రం మీద పడింది. హావీ గాలిలో హ్యాండిలు వణకడం మొదలైంది. గేరు పుల్ల ఇంకా కింది గొట్టం మీదే ఉంటే చెయ్యి తీసినప్పుడల్లా గండమే కాబట్టి దాన్ని బార్ల కొసకు మార్చారు. ఒక మాసిక వేస్తే పక్కన ఇంకో చోట చిరుగుతుంది, చూశారా.

తిండి గురించి కొంచెం. 1982 ఫిబ్రవరిలో కోనాలో జూలీ మాస్ ముగింపు గీతకు కొద్ది దూరంలో పడి, పాకి, కాథ్లీన్ మకార్ట్‌నీకి 29 సెకన్లతో ఓడిన దృశ్యం మీలో చాలామంది చూసే ఉంటారు. సంకల్పబలం అని పొగుడుతుంటాం. వంటింటి భాషలో చెప్పాలంటే గ్యాసు అయిపోయింది. కండరాల్లో, కాలేయంలో దాచుకునే పిండిపదార్థం సుమారు 400 నుంచి 500 గ్రాములు, అంటే 2,000 కేలరీల లోపు. ఆ పోటీకి ఖర్చు దానికి నాలుగైదు రెట్లు. కొవ్వు కొంత ఆదుకుంటుంది, మిగతాది దారిలో తినాలి. పేగు గంటకు 60 గ్రాముల గ్లూకోజు తీసుకుంటుంది, ఫ్రక్టోజు కలిపితే 90 దాకా. అప్పట్లో అరటిపండ్లు, నారింజ ముక్కలు, బిస్కెట్లు, గ్యాసు పోయిన కోలా, పలచటి క్రీడా పానీయం. మామూలు అరటిపండులో 25 గ్రాములు అనుకుంటే గంటకు రెండున్నర పండ్లు, ఏడు గంటలు సైకిలు మీద. తిని చూడండి తెలుస్తుంది. పవర్‌బార్ 1986లో గానీ రాలేదు. ఇంకోవైపు ఒట్టి నీళ్లే అదేపనిగా తాగి రక్తంలో సోడియం పడిపోయి తిక్కతిక్కగా మాట్లాడేవాళ్లూ ఉంటారని 1980ల మధ్యలో గానీ వైద్యులకు స్పష్టం కాలేదు. వాళ్లను కూడా ఎండదెబ్బ తగిలినవాళ్లుగానే భావించి ఇంకా నీళ్లెక్కిస్తే ప్రమాదం రెట్టింపు. గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు, దాంట్లో ఉప్పు. దాహం చూసుకుని తాగండి.

చివరగా పాత ఫలితాల కాగితం ఎలా చదవాలో చెప్పి ముగిస్తాను. 1978లో హాలర్: ఈత గంటా 20, సైకిలు 6 గంటల 56, పరుగు మూడున్నర గంటలు. కూడండి, 11 గంటల 46 వచ్చేస్తుంది. మరి బట్టలు మార్చుకున్న టైము ఏది? విడిగా రాయలేదు, పక్క అంకెల్లో కలిసిపోయింది. కాబట్టి 180 కిలోమీటర్లను ఆ 6 గంటల 56తో భాగించి గంటకు 26 కిలోమీటర్లేనా అని తేలిగ్గా తీసేయకండి. సిగ్నళ్ల దగ్గర ఆగిన నిమిషాలు కూడా అందులోనే.

1980లో డేవ్ స్కాట్: ఈత 51 నిమిషాలు, సైకిలు 5 గంటల 3 నిమిషాలు, పరుగు మళ్లీ మూడున్నర గంటలే. మొత్తం 9 గంటల 24. రెండేళ్లలో 2 గంటల 22 నిమిషాలు తగ్గితే అందులో పరుగు వాటా సున్నా. సైకిల్లో 113 నిమిషాలు, ఈతలో 29. ఆ 29లోనూ కొంత తీసేయాలి, ఎందుకంటే ఆ ఏడు సముద్రం పొంగి ఉండటంతో ఈతను అలమోవానా దగ్గర అలలు తగలని నీళ్లలోకి మార్చారు. మిగిలిన 113 నిమిషాల్లో ఎంత కాళ్లది, ఎంత సైకిలుది, ఎంత గుడారంలో ఆదా అయిందన్నది తేలాలంటే ట్రాన్సిషన్ టైము విడిగా ఉండాలి. ఆ కాగితంలో ఆ గడి లేదు.

ప్రశ్నలుంటే అడగండి. మైకు మొదట వెనక వరసకి ఇవ్వండి, వాళ్లు ఇందాకట్నుంచి చెయ్యెత్తే ఉన్నారు.